అప్పు ఆపదు, దాపరికం ఆపుతుంది

విదేశంలో ఉన్న భర్త దగ్గరకో భార్య దగ్గరకో వెళ్లే వీసాకు ఇంటి అప్పులు అడ్డు పడతాయని పల్నాడులో గట్టి నమ్మకం. ఆ భయంతోనే ప్రామిసరీ నోట్లు, చెక్కులు, తనఖాల సంగతి పెళ్లివారికి తెలియనివ్వరు. విదేశీ చట్టాలు అప్పును చాలావరకు పట్టించుకోవు. అబద్ధాన్ని మాత్రం వదిలిపెట్టవు.

పల్నాడులో విదేశీ చదువు చాలా ఇళ్లలో అప్పుతోనే మొదలవుతుంది. గురజాల, మాచర్ల, నరసరావుపేట చుట్టుపక్కల రైతు కుటుంబానికి ఉన్న ఆస్తంతా భూమే. అందులో పండేది ఎక్కువగా మిరప, పత్తి. పిల్లవాడికి అమెరికాలో సీటు వచ్చినప్పుడు ఆ భూమే ఆదుకోవాలి, కానీ బ్యాంకులో దానికి విలువ తక్కువ. ప్రభుత్వ బ్యాంకుల విద్యారుణ పథకంలో నాలుగు లక్షల దాకా హామీ అక్కర్లేదు, ఏడున్నర లక్షల దాకా మరొకరి పూచీ సరిపోతుంది, అది దాటితే ఆస్తి తనఖా పెట్టాలి. బాకీ పడినవారి ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. అదే చట్టం 31వ సెక్షన్‌లో వ్యవసాయ భూమిని మినహాయించింది. రైతు మేలు కోరి పెట్టిన ఆ మినహాయింపు వల్లే చాలా బ్యాంకులు పొలం పత్రాలు వద్దని, టౌన్లో ఇల్లో ప్లాటో ఉంటే చూపమంటాయి. అవి లేని రైతు మిగతా సొమ్ముకు ప్రైవేటు వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్తాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే పది లక్షలకు నెలకు ఇరవై వేలు, ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. అసలు కదలకుండా ఐదేళ్లు గడిస్తే వడ్డీ ఒక్కటే పన్నెండు లక్షలు. మిరప ధర కుప్పకూలి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన ఏడు కూడా, నోటు మీద వడ్డీ ఒక్క రూపాయి తగ్గలేదు.

ఈ అప్పు నడుస్తుండగానే పెళ్లీడు వస్తుంది. అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, వీసా ఉంది, సంబంధం కుదిరింది. అప్పుడు రెండు వైపులా ఒకే ప్రశ్న తలెత్తుతుంది: ఇన్ని అప్పులున్నాయని తెలిస్తే కోడలికి వీసా ఇస్తారా? మగపెళ్లివారు అప్పు దాస్తారు. వీసా చేతికొచ్చాక ఆడపెళ్లివారు, అంత పెద్ద దేశం అన్నీ చూసే ఇచ్చింది కదా, అబ్బాయి ఆర్థికంగా నిలదొక్కుకున్నట్టేనని ఊరట పడతారు. ఈ భయమూ ఊరటా రెండూ తప్పే. అప్పున్నంత మాత్రాన భాగస్వామి వీసా ఆగిపోదు, వీసా వచ్చినంత మాత్రాన అప్పులు లేవనీ కాదు. అసలు ప్రమాదం దాపరికంలో ఉంది. చట్టాలను ఒక్కొక్కటిగా చూస్తే ఈ మాట రుజువవుతుంది.

ఆదాయం అడుగుతారు, అప్పు అడగరు

అమెరికా పౌరులు గానీ గ్రీన్ కార్డు ఉన్నవారు గానీ భార్యనో భర్తనో శాశ్వత నివాసానికి పిలిపించుకోవాలంటే ఐ-864 అనే పూచీ పత్రం మీద సంతకం చేయాలి. 1996లో వచ్చిన వలస చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. అందులో ప్రధానంగా చూసేది ఆదాయం. అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం ఉండాలి. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న ఇంటికి అది దాదాపు 26,437 డాలర్లు. దీనికి ఆధారం పన్ను రిటర్నులో చూపిన మొత్తం ఆదాయమే. ఆ ఆదాయంలోంచి కారు వాయిదా, క్రెడిట్ కార్డు బకాయి, ఇండియాలో కట్టే విద్యారుణం తీసేసి లెక్క చూడరు. అప్పు లెక్కలోకి వచ్చేది ఆదాయం చాలక ఆస్తులు చూపినప్పుడే. అప్పుడు ఇంటి విలువలోంచి దాని మీద ఉన్న తనఖా తీసేసి మిగిలినదే లెక్కిస్తారు. ఆ ఆస్తి ఏడాదిలోపు నగదుగా మారేది కావాలి. పౌరుల భార్యాభర్తల విషయంలో అది లోటుకు మూడు రెట్లుండాలి, మిగతావారికి సాధారణంగా ఐదు రెట్లు. ఊళ్లో పొలం ఉందని కాగితం పెడితే సరిపోదు. అది అమ్ముడుపోయి ఆ సొమ్ము దేశం దాటి రాగలదని కూడా చూపాలి.

మనవాళ్లలో ఎక్కువమంది ఆ మెట్టు దాకా ఇంకా చేరలేదు. వాళ్లు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటారు, భార్యనో భర్తనో హెచ్-4 డిపెండెంట్ వీసా మీద తీసుకెళ్తారు. అక్కడ ఐ-864 ప్రస్తావనే ఉండదు. అధికారి చూసేది పెళ్లి నిజమేనా, ఉద్యోగం నడుస్తోందా అన్నవి. ఇంకా చదువుకుంటున్నవారు భాగస్వామిని ఎఫ్-2 వీసా మీద పిలిపించుకోవాలంటే మాత్రం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో రెండో మనిషి ఖర్చుకు కూడా డబ్బు చూపాలి. మంజూరైన విద్యారుణం కూడా అక్కడ చెల్లుబాటయ్యే ఆధారమే. అంటే దాచాల్సిన మచ్చ అనుకున్న అప్పే ఆ సందర్భంలో అర్హతకు రుజువు అవుతోంది.

బ్రిటన్‌లోనూ తూకం ఆదాయానిదే. అక్కడ స్థిరపడినవారు జీవిత భాగస్వామిని పిలిపించుకోవడానికి 2012 నుంచి ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం చూపాల్సి వచ్చేది. 2024 ఏప్రిల్ 11 నుంచి దాన్ని 29,000 పౌండ్లకు పెంచారు. ఇది పన్నుకు ముందు ఆదాయం, అప్పు వాయిదాల ఊసు ఇందులో లేదు. గుంటూరులో ఉద్యోగం చేస్తూ వీసాకు దరఖాస్తు పెట్టే భార్య జీతం ఈ లెక్కకు రాదు. ఆదాయం లేక పొదుపు మీదే ఆధారపడితే 88,500 పౌండ్లు ఆరు నెలల పాటు చేతిలో ఉండాలి. బహుమతిగా వచ్చిన సొమ్ము చెల్లుతుంది, అప్పుగా తెచ్చినది చెల్లదు. వర్క్ వీసా మీద ఉన్నవారి భాగస్వామికి చూపాల్సిన మొత్తం చాలా చిన్నది, 285 పౌండ్లు. కానీ అసలు తలుపు మూసుకున్నది మరోచోట. 2024 జనవరి నుంచి పరిశోధనేతర మాస్టర్స్ కోర్సుల్లో కొత్తగా చేరేవారు, 2024 మార్చి 11 నుంచి కొత్తగా కేర్ వర్కర్ ఉద్యోగాల్లోకి వెళ్లేవారు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేకుండా పోయింది. భార్యను కూడా తీసుకెళ్తానన్న లెక్కతో నోటు రాసిచ్చిన కుర్రాడికి అడ్డు నిలిచింది ఆ నోటు కాదు, అతను ఎంచుకున్న వీసా రకం. అప్పు చేసే ముందు అడగాల్సిన ప్రశ్నను అప్పు చేశాక అడిగితే వచ్చే నష్టం ఇది.

దివాలా తీస్తే?

అప్పు సరే, ఏకంగా దివాలా తీస్తే సంగతేమిటి? ఇక్కడ దేశాన్ని బట్టి సమాధానం మారుతుంది. దీన్ని నేరుగా అడ్డంకిగా రాసిపెట్టింది కెనడా. అక్కడి దివాలా చట్టం కింద దివాలా తీసి ఇంకా విముక్తి పొందనివారు భాగస్వామికి స్పాన్సర్ కాలేరు. ఇది శాశ్వత నిషేధం కాదు. మొదటిసారి దివాలా తీసినవారికి, నిర్ణీత పరిమితి మించి ఆదాయం లేకపోతే, సాధారణంగా తొమ్మిది నెలల్లో విముక్తి వస్తుంది. మిగులు ఆదాయం ఉంటే ఇరవై ఒక్క నెలలు పడుతుంది. విముక్తి పత్రం వచ్చాక ఈ అడ్డంకి తొలగిపోతుంది. అప్పులవాళ్లతో ఒప్పందం చేసుకుని కొంత మొత్తం వాయిదాల్లో తీర్చే కన్స్యూమర్ ప్రపోజల్ అనే దారి ఉంది. అది దివాలా కింద లెక్కకు రాదు. కాబట్టి టొరంటోలో అప్పుల్లో కూరుకుపోయిన మనిషి భార్య కోసం దరఖాస్తు పెట్టబోతుంటే, ఏ దారి ఎంచుకుంటాడన్నదే కీలకం. మరోవైపు భాగస్వామి విషయంలో కెనడా సాధారణంగా కనీస ఆదాయమే అడగదు. వైకల్యం కారణంగా కాకుండా ప్రభుత్వ సాంఘిక సాయం మీద బతుకుతున్నవారినే ఆపుతుంది.

అమెరికాలో చాప్టర్ 7 దివాలా క్రెడిట్ రిపోర్టులో పదేళ్ల దాకా కనిపిస్తుంది, కానీ ఐ-864 మీద సంతకం చేసే అర్హతను తీసేయదు. ఒక్కసారి మాత్రం అక్కడ గాలి మారింది. 2020 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన నిబంధనల కింద అమెరికాలో ఉండి గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసేవారిని క్రెడిట్ స్కోరు, దివాలా వివరాలు అడిగారు. 2021 మార్చిలో వాటిని ఉపసంహరించారు. తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం ఇంటి ఆదాయం, ఆస్తులతో పాటు మొత్తం అప్పులెంతో కూడా దరఖాస్తులో రాయాలి. అధికారి తూచే అనేక అంశాల్లో అది ఒకటి మాత్రమే, దాన్ని బట్టే నిర్ణయం జరిగిపోదు. అయినా నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారేవి కనుక, దరఖాస్తు పెట్టే నాటికి అమలులో ఉన్న ఫారంలో ఏం అడిగారో చదువుకోవాలి.

మన దగ్గర దివాలా అంటే ఐపీ పెట్టడం. వడ్డీ వ్యాపారులు, చీటీల నిర్వాహకులు ఐపీ పెట్టి ఊరు ముంచిన ఉదంతాలు విని విని, ఆ మాటలోనే మోసం వినిపిస్తుంది. నిజాయితీగా కుప్పకూలిన రైతుకు మరో దారి లేకపోవడం దీనికి ఒక కారణం. ఇప్పటికీ మన జిల్లా కోర్టుల్లో నడిచేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. ఐదు వందల రూపాయల అప్పు తీర్చలేకపోయినా పిటిషన్ వేయవచ్చని చెప్పే కాలం చెల్లిన చట్టం అది. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల రుణాలకు పూచీ పడినవారికి మాత్రమే వర్తింపజేశారు, సామాన్యుడి వంతు ఇంకా రాలేదు. ఇందులో వీసా కుటుంబాలు గమనించాల్సింది ఒకటుంది. కెనడా అడ్డంకి ఆ దేశపు దివాలా చట్టానికి ముడిపడినది, తండ్రి నరసరావుపేటలో పెట్టిన ఐపీకి కాదు. అలాగే కొడుకు డాలస్‌లో దివాలా తీసి విముక్తి పొందినా, గురజాలలో తండ్రి సంతకం ఉన్న నోటు రద్దు కాదు. సహ రుణగ్రహీత బాధ్యత అతని మీదే ఉంటుంది. విదేశీ దివాలాతో ఇంటి అప్పు తీరిపోతుందనుకోవడం తల్లిదండ్రులను ఒంటరిగా వదిలేయడమే.

స్పాన్సర్ సంతకమూ ఒక అప్పే

పాత అప్పుల గురించి ఇంత భయపడే మనవాళ్లు, స్పాన్సర్‌గా చేసే సంతకంతో కొత్త బాధ్యత తలకెత్తుకుంటున్నామని గమనించరు. ఐ-864 మీద సంతకం, గడువు తేదీ లేని నోటుకు పూచీ పడటం లాంటిది. వచ్చిన భాగస్వామి అమెరికా పౌరసత్వం పొందే వరకో, దాదాపు పదేళ్ల పనికి సమానమైన నలభై త్రైమాసికాలు వారి ఖాతాలో జమయ్యే వరకో, శాశ్వతంగా దేశం విడిచే వరకో, ఇద్దరిలో ఒకరు మరణించే వరకో అది నిలిచే ఉంటుంది. విడాకులతో పోదు. ఆదాయం చాలని మాజీ భార్య ఆ పత్రం ఆధారంగానే కోర్టుకు వెళ్లి పోషణ ఖర్చు రాబట్టుకోవచ్చు. 2012లో లియు వర్సెస్ మండ్ కేసులో ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఆమె ఉద్యోగం వెతుక్కోలేదన్న కారణంతో ఆ బాధ్యత తగ్గదని తేల్చింది. ఫ్లోరిడాలో కోర్టులు ఒక అడుగు ముందుకేసి, దివాలా తీసినా ఈ బాధ్యత మాఫీ కాదని, ఇది భరణం లాంటిదని అన్నాయి. కెనడాలో భాగస్వామి పూచీ మూడేళ్లు. ఆ కాలంలో వారు తీసుకున్న సాంఘిక సాయాన్ని ప్రభుత్వం స్పాన్సర్ నుంచి వసూలు చేస్తుంది. వసూలును వాయిదా వేయవచ్చు గానీ బాకీని మాఫీ చేసే స్వేచ్ఛ ప్రభుత్వానికి లేదని 2011లో మావీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఈ సంగతి ముఖ్యంగా తెలియాల్సింది మొహమాటానికి సంతకం చేసేవారికి. అబ్బాయి ఆదాయం చాలనప్పుడు అమెరికాలో బాబాయో, బావమరిదో, ఊరివాడైన స్నేహితుడో ఉమ్మడి స్పాన్సర్‌గా వస్తాడు. అతని బాధ్యత కూడా అసలు స్పాన్సర్‌దంతే. ఊళ్లో పూచీ సంతకం చేసి పొలం పోగొట్టుకున్నవారి సంగతి తెలిసిన మనం, ఆ దేశంలో అదే సంతకాన్ని ఫార్మాలిటీ అనుకోకూడదు.

దాపరికానికి పడే శిక్ష

అప్పు పట్ల ఇంత ఉదారంగా ఉన్న చట్టాలు అబద్ధం దగ్గర కఠినంగా మారతాయి. వీసా కోసం ముఖ్యమైన విషయంలో కావాలని తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే అమెరికా చట్టం ఆ వ్యక్తిని జీవితాంతం అనర్హుడిగా చూస్తుంది. మినహాయింపు కోరవచ్చు గానీ అది హక్కు కాదు. కెనడాలో ఐదేళ్ల నిషేధం. తాత్కాలికంగా వడ్డీకి తెచ్చి ఖాతాలో వేసి, స్టేట్‌మెంట్ తీసుకుని వెనక్కి ఇచ్చేసే బ్యాంకు బ్యాలెన్స్ వ్యాపారం ఈ ఊబిలోకే లాగుతుంది. ఆదాయం బాగానే ఉన్న అబ్బాయి అనవసరమైన భయంతో అలాంటి కాగితం పెడితే, అప్పు వల్ల పోని వీసా ఆ కాగితం వల్ల పోతుంది.

ఇంకో దాపరికం చెక్కుల్లో ఉంటుంది. నోటుతో పాటు ఖాళీ చెక్కు ఇవ్వడం మన దగ్గర మామూలు. నోటు వ్యవహారం సివిల్ దావా, చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద కోర్టు అనుమతి తెచ్చుకుంటేనే దారి ఉంటుంది. శాశ్వత నివాస వీసాకు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా కావాలి. భర్త అప్పుకు భార్య సంతకం లేకపోతే ఆమె బాధ్యురాలు కాదు. కొత్త కోడలి ఖాతా చెక్కు వడ్డీ వ్యాపారి చేతికి ఇప్పించారంటే మాత్రం, ఆమె ప్రయాణాన్ని ఆపగల శక్తిని అతని చేతిలో పెట్టినట్టే. అప్పు నేరుగా వీసాను ఆపకపోయినా ఇలా దొడ్డిదారిన ఆపగలదు.

నిజం చెబితే సంబంధం తప్పిపోదా?

ఇదంతా విన్నాక పెద్దలు అడిగే ప్రశ్న ఇదే. తప్పిపోవచ్చు, ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ అప్పు దాచి చేసిన పెళ్లిలో జరిగేదేమిటో కూడా లెక్క వేయాలి. చాలా సందర్భాల్లో ఆ అప్పు కట్నంతో తీరుతుంది. ఆ కట్నం కోసం అమ్మాయి తండ్రి మరో నోటు రాస్తాడు. మాచర్లలో తీరిన బాకీ సత్తెనపల్లిలో మొదలవుతుంది, మొత్తంగా జిల్లా మీద ఉన్న అప్పు రూపాయి తగ్గదు. 1961 నుంచి కట్నం నేరమన్న సంగతి అలా ఉంచినా, ఈ లెక్క ఎవరికీ లాభం కాదు. అమ్మాయి అక్కడికి వెళ్లాక హెచ్-4 మీద పని చేసే అనుమతి అందరికీ ఉండదు. భర్త జీతంలో సగం ఇండియాకు వడ్డీగా పోతోందని అప్పుడు తెలుస్తుంది. ఉద్యోగం పోతే హెచ్-1బీ మీద ఉన్నవారికి సాధారణంగా దొరికే వ్యవధి అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో వచ్చే సమస్యను ముందే తెలిసిన భార్య భర్తతో కలిసి ఎదుర్కొంటుంది, మోసపోయానని అనుకున్న భార్యకు అది సాధ్యం కాదు.

ఆదాయం మాత్రమే చూసే చట్టం ఆ అమ్మాయిని కాపాడటం లేదు కదా, అప్పులు కూడా చూస్తే మేలు కదా అని మరికొందరు వాదిస్తారు. వాదనలో న్యాయం ఉంది, పరిష్కారం సరైనది కాదు. చదువుకు అప్పు చేసినవాళ్లకు పెళ్లాం బిడ్డలతో కలిసి బతికే హక్కు లేదని అంటే నష్టపోయేది మొదట పేద, మధ్యతరగతి రైతు బిడ్డలే. ఉన్నవాళ్ల పిల్లలకు అప్పే ఉండదు. పైగా వాషింగ్టన్‌లోనో లండన్‌లోనో కూర్చున్న అధికారికి పిడుగురాళ్లలో రాసిన ప్రామిసరీ నోటు ఎన్నటికీ కనిపించదు. అది మన సిబిల్ క్రెడిట్ రిపోర్టులో కూడా ఉండదు. దాన్ని చూడగలిగినవాళ్లు, చూపించగలిగినవాళ్లు ఇక్కడి రెండు కుటుంబాలే.

అందుకే ఈ బాధ్యతను వీసా అధికారికి వదిలేయకుండా నిశ్చితార్థానికి ముందే మనం తీసుకోవాలి. పొలం కొనేటప్పుడు ఈసీ (ఆస్తి మీద ఉన్న భారాలను చూపే ధ్రువపత్రం) తీయకుండా బయానా ఇవ్వని పల్నాడు రైతు, పిల్ల పెళ్లికి మాత్రం ఏ కాగితమూ అడగకపోవడం వింత. రిజిస్టరైన తనఖాలు ఈసీలో కనిపిస్తాయి. బ్యాంకు రుణాలు క్రెడిట్ రిపోర్టులో ఉంటాయి, ఏడాదికొకటి ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. ప్రైవేటు నోట్ల జాబితా మాత్రం మాట మీదే రావాలి, కనుక దాన్ని కాగితం మీద రాసి రెండు వైపులా ఉంచుకోవాలి. అబ్బాయైనా అమ్మాయైనా స్పాన్సర్‌గా ఉండబోయేవారు గత ఏడాది పన్ను పత్రాలు చూపాలి. ఇక పాత అప్పుల భారం సంగతికొస్తే, రైతుల అప్పుల మీద వడ్డీని కోర్టు తగ్గించే వీలు 1938 నాటి రైతు రుణ ఉపశమన చట్టం ఆంధ్ర ప్రాంతంలో కల్పించింది. దాన్ని వాడుకోవడం మీద సలహా ఉచితంగా ఇవ్వాల్సిన న్యాయ సేవాధికార సంస్థలు, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ, నరసరావుపేట, గురజాల, మాచర్లలో ఈ విషయం మీద కూర్చుని మాట్లాడే ఏర్పాటు చేయాలి. వ్యక్తుల దివాలాకు 2016 స్మృతిలో రాసిన అధ్యాయాన్ని కేంద్రం అమలులోకి తెచ్చి, నిజాయితీగా ఓడిపోయిన రైతుకు పరువుతో బయటపడే దారి చూపాలి. చదువు కోసం చేసిన అప్పులో తప్పేమీ లేదు. దాని బరువు మోయబోయే అమ్మాయికో అబ్బాయికో ఆ బరువెంతో ముందే చెప్పకపోవడం తప్పు. ఆ తప్పు చేయకుండా ఉండటానికి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు.